పెద్ద పరీక్షలు పిల్లల్నీ టీచర్లనీ ఏం చేస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

తల్లిదండ్రులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు మాటిమాటికీ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి పరిశోధనల్లో గట్టి జవాబులే ఉన్నాయి. కొన్నిటి మీద ఇంకా వాదన నడుస్తోంది. నా సొంత అభిప్రాయం ఉన్నచోట అది నా అభిప్రాయమనే చెప్పాను.

ఏ పరీక్షను "పెద్ద పరీక్ష" అనాలి?

అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే సమయం, దిద్దడానికి ఒకే పద్ధతి ఉంటే అది ప్రామాణిక పరీక్ష. అంతవరకైతే దానివల్ల ఎవరికీ పెద్ద బాధ లేదు. వచ్చిన మార్కు మీద పై తరగతి, కాలేజీ సీటు, టీచరు ఉద్యోగం, బడికి వచ్చే నిధులు లాంటివి ఆధారపడితే అప్పుడది పెద్ద పరీక్ష అవుతుంది. ప్రశ్నపత్రం అదే, దానికి కట్టిన బరువు వేరు.

ఆ బరువు ఎవరి నెత్తిన పడుతోందో చూడాలి. చైనాలో కాలేజీ ప్రవేశానికి రాసే గావ్‌కావ్‌కు 2024లో 1.34 కోట్ల మంది నమోదు చేసుకున్నారు. అక్కడ భారమంతా విద్యార్థిదే. అమెరికాలో 2002లో అమల్లోకి వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం కింద 3 నుంచి 8వ తరగతి దాకా ఏటా రీడింగ్, లెక్కల పరీక్షలు పెట్టారు. వాటిలో మార్కులు తగ్గితే చాలాచోట్ల పిల్లవాడికి పోయేదేమీ లేదు, చర్యలు బడి మీద. మొదటి రకంలో ఇంటి వాతావరణం మారిపోతుంది, రెండో రకంలో బడి తీరు మారిపోతుంది. రెండు బరువులూ ఒకే పరీక్ష మీద వేసిన చోట్లు కూడా ఉన్నాయి.

ఇదంతా ఈ కాలపు గోలేనా?

కాదు. చైనాలో అధికారుల్ని ఎంపిక చేసే కేజూ పరీక్షలు సుయి వంశం కాలంలో మొదలై 1905లో రద్దయ్యేదాకా సుమారు 1,300 ఏళ్లు నడిచాయి. లోపలి బట్టల మీద సన్నటి అక్షరాలతో పాఠాలు రాసుకుని వెళ్లినవాళ్ల చొక్కాలు, అరచేతిలో ఇమిడే పుస్తకాలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. కాపీ స్లిప్పులకు అంత చరిత్ర ఉంది!

బడి మీద బరువు వేయడమూ పాతదే. 1862లో ఇంగ్లండ్ ప్రభుత్వం ప్రాథమిక బడులకిచ్చే గ్రాంటును పిల్లల హాజరుతోను, చదవడం, రాయడం, లెక్కల పరీక్షలతోను ముడిపెట్టింది. ఫలితాన్ని బట్టి చెల్లింపు అన్నమాట. కవి మాథ్యూ ఆర్నల్డ్ అప్పట్లో బడుల ఇన్‌స్పెక్టర్. పిల్లలకు నిజంగా చదవడం, రాయడం రాకపోయినా కాస్త తెలివిగా తయారుచేస్తే పరీక్ష గట్టెక్కించవచ్చని ఆయన అప్పుడే తన నివేదికల్లో రాశాడు. ఆ విధానం 1890ల దాకా సాగింది. ఈ రోజు టీచర్ల స్టాఫ్ రూమ్‌లో వినపడే ఫిర్యాదు సరిగ్గా అదే.

పరీక్షలుంటేనే కదా పిల్లలు చదివేది?

ఇందులో నిజం ఉంది. పరీక్షను తిట్టేవాళ్లు సాధారణంగా ఈ సంగతి దాటేస్తారు. 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులతో ఒక పాఠం చదివించి, కొందరిని మళ్లీ చదవమన్నారు. మిగతావాళ్లను పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తిరగబడింది. పుస్తకం మూసి రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతమే. అంటే గుర్తుతెచ్చుకునే ప్రయత్నమే చదువును గట్టిపరుస్తోంది.

అయితే ఆ పనికి మార్కుల అవసరమే లేదు. పాఠం అయ్యాక నాలుగు ప్రశ్నలు అడిగి, తప్పెక్కడో అక్కడే చెప్పే స్లిప్ టెస్ట్ చాలు. ఏడాది చివర్లో వచ్చే పెద్ద పరీక్షలో పిల్లవాడికి తెలిసేది ఒక అంకె మాత్రమే. ఏ ప్రశ్న ఎందుకు తప్పయిందో చాలాచోట్ల తెలియదు, తెలిసేసరికి తరగతి మారిపోయి ఉంటుంది.

బడి మీద బరువు వేయడం వల్ల చదువు పెరిగిందా అన్నదాన్ని ఆర్థికవేత్తలు థామస్ డీ, బ్రయాన్ జేకబ్ పరిశీలించారు. అమెరికా చట్టం వల్ల 4వ తరగతి లెక్కల్లో మంచి మెరుగుదలే కనిపించింది. రీడింగ్‌లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. లెక్కలు ఎక్కువగా బడిలోనే వస్తాయి. చదివి అర్థం చేసుకోవడం ఇంట్లో మాటలనుంచి, కథలనుంచి, లోకం గురించి తెలిసిన నానా విషయాలనుంచి వస్తుంది. డ్రిల్లు చేయిస్తే వచ్చేది కాదు. తేడాకు ఇదే కారణమని నా నమ్మకం.

మార్కులు పెరిగాయంటే చదువు పెరిగినట్టే కదా?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, మిగతావన్నీ దీని మీదే నిలబడ్డాయి.

1987లో జాన్ కానెల్ అనే డాక్టర్‌కు ఒక అనుమానం వచ్చింది. తమ రాష్ట్రం పిల్లలు జాతీయ సగటు కంటే పైన ఉన్నారని వెస్ట్ వర్జీనియా ప్రకటించుకుంది. సరే, మరి కింద ఉన్నదెవరు? ఆరా తీస్తే ప్రాథమిక స్థాయిలో 50 రాష్ట్రాలూ సగటు కంటే పైనే ఉన్నామని చెప్పుకుంటున్నాయని తేలింది. అందరూ సగటును దాటేశారన్నమాట! ఏళ్ల కిందట కట్టిన సగటుతో పోల్చుకోవడం, అవే పరీక్షలు మళ్లీ మళ్లీ వాడటం వల్ల ఏర్పడిన వింత ఇది.

1991లో డేనియల్ కోరెట్జ్ బృందం దీన్ని ఇంకాస్త దగ్గరగా చూసింది. ఒక జిల్లాలో పాత పరీక్షను తీసేసి, అవే అంశాల మీద వేరే కంపెనీ తయారుచేసిన పరీక్ష పెట్టారు. మొదటి ఏడాదే 3వ తరగతి లెక్కల మార్కులు సుమారు అర విద్యా సంవత్సరమంత పడిపోయాయి. నాలుగేళ్లలో మళ్లీ పాత ఎత్తుకు చేరాయి. అప్పుడు వాళ్లు పాత పరీక్షను తీసి పిల్లలకు పెట్టి చూశారు. ఈసారి పాతదాంట్లో తగ్గాయి. పిల్లల లెక్కల జ్ఞానం పడి లేచిందేమీ లేదు. బడి అలవాటు పడిన ప్రశ్నపత్రం మారిందంతే.

ఇది క్లాసులో ఎలా కనిపిస్తుందంటే, త్రిభుజ వైశాల్యం ప్రశ్నను తీసుకోండి. పాత పేపర్లు తిరగేస్తే బొమ్మ దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. భూమి కింద అడ్డంగా, ఎత్తు లోపల చుక్కల గీతగా. ఆ బొమ్మ మీద ముప్పై లెక్కలు చేసిన పిల్ల "అర భూమి ఇంటూ ఎత్తు" అని గడగడా చెప్పి క్షణంలో జవాబు రాస్తుంది. అదే త్రిభుజాన్ని పక్కకు తిప్పి, ఎత్తు బయట పడేలా గీసివ్వండి. పెన్సిల్ ఆగిపోతుంది. "ఇందులో భూమి ఏది టీచర్?" అంటుంది. ఆ పిల్లకు పూర్తి మార్కులొస్తాయి, టీచరు రికార్డు బాగుంటుంది, ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా ఆ మార్కు చెబుతున్నది నిజం కాదు.

పరీక్ష ఎప్పుడూ ఒక శాంపిల్. సిలబస్‌లో వంద సంగతులుంటే పేపర్లో ముప్పై వస్తాయి. ఆ ముప్పైని చూసి మిగతా డెబ్బై కూడా వచ్చే ఉంటాయని అనుకుంటాం. ఏ ముప్పై వస్తాయో ముందే ఊహించగలిగి వాటినే బట్టీ కొట్టిస్తే ఆ ఊహకు ఆధారం పోతుంది. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1976లోనే ఈ మాట అన్నాడు. నిర్ణయాలకు ఏ అంకెను ఎంత ఎక్కువగా వాడితే, ఆ అంకెను వంచేందుకు అంత ఒత్తిడి వస్తుంది, అది కొలవాల్సిన పనే వంకర పోతుంది.

బరువు పెరిగితే టీచరు పాఠం ఎలా మారుతుంది?

మొదట టైంటేబుల్ మారుతుంది. అమెరికాలో 2007లో సెంటర్ ఆన్ ఎడ్యుకేషన్ పాలసీ చేసిన సర్వేలో 62 శాతం జిల్లాలు ప్రాథమిక తరగతుల్లో భాషకు, లెక్కలకు సమయం పెంచామన్నాయి. రోజుకున్న గంటలు పెరగవు కాబట్టి 44 శాతం జిల్లాలు సైన్సు, సోషల్, కళలు, ఆటలు, చివరికి భోజన విరామం లాంటివాటిలో కోత పెట్టాయి.

తర్వాత పాఠం లోపల మారుతుంది. "ఇది పరీక్షకు వస్తుందా?" అన్న ప్రశ్న మొదట పిల్లలు అడుగుతారు, కొన్నాళ్లకు టీచరే అడుక్కోవడం మొదలుపెడతాడు. పిల్లవాడు అడ్డదిడ్డంగా ఆలోచించి సరైన జవాబు చేరితే, "బాగుందిగానీ పరీక్షలో ఇలా రాయకు" అనాల్సి వస్తుంది. ఈ వాక్యం అనని టీచరు ఉండరనుకుంటా.

పరీక్షకు తయారుచేయడమంతా చెడ్డదని కాదు. ప్రశ్న చదివే పద్ధతి, సమయం పంచుకోవడం, ఓఎంఆర్ షీట్ నింపడం నేర్పాల్సిందే. నాలుగు క్లాసులు చాలు వాటికి. నాలుగు నెలలు పట్టిందంటే అక్కడ వేరే పని జరుగుతోంది.

క్లాసులో అందరు పిల్లలకూ ఒకే శ్రద్ధ దొరుకుతుందా?

బడిని 'ఎంతమంది పాసయ్యారు' అన్న ఒక్క అంకెతో కొలిస్తే దొరకదు. 2005లో జెన్నిఫర్ బూహర్-జెన్నింగ్స్ టెక్సస్‌లోని ఒక ప్రాథమిక బడిలో కూర్చుని గమనించి రాసిన వ్యాసం ఈ విషయం మీద బాగా పేరున్నది. అక్కడ పిల్లల్ని మూడు రంగుల్లో గుర్తించేవారు. ఎలాగూ పాసయ్యేవాళ్లు, పాస్ గీత దగ్గర ఉన్నవాళ్లు, ఇక రారనుకున్నవాళ్లు. అదనపు క్లాసులు, టీచర్ల సమయం అన్నీ మధ్యవాళ్లకే. గీతకు రెండు మార్కుల కింద ఉన్నవాడిని పైకి లాగితే బడి అంకె మారుతుంది. ఇరవై మార్కుల కింద ఉన్నవాడు పన్నెండు మార్కులు పెంచుకున్నా మారదు. ఆ రెండోవాడిదే నిజమైన విజయమని టీచరుకు తెలుసు, కానీ దాన్ని లెక్కేసే గడి ఫారంలో లేదు.

ఇంకా వింతైనవీ బయటపడ్డాయి. ఆర్థికవేత్త డేవిడ్ ఫిగ్లియో పరిశీలనలో, ఫ్లోరిడాలో ఒకే తప్పు చేసిన ఇద్దరు పిల్లల్లో మార్కులు తక్కువ వచ్చేవాడిని ఎక్కువ రోజులు సస్పెండ్ చేశారు, పరీక్షల సీజన్‌లో ఆ తేడా ఇంకా పెరిగింది. వర్జీనియాలో చర్యల భయం ఉన్న బడులు పరీక్ష రోజుల్లో మధ్యాహ్న భోజనంలో కేలరీలు పెంచాయి. పిల్లలకు కాస్త ఎక్కువ తిండి పెడితే తప్పేమిటనొచ్చు. మిగతా రోజుల్లో ఎందుకు పెట్టలేదన్నదే నా ప్రశ్న.

పరీక్ష లేని తరగతుల సంగతీ ఉంది. మయామీలో, పరీక్ష ఉన్న తరగతుల్లో ఫలితాలు తేలేని టీచర్లను ప్రిన్సిపాళ్లు 1, 2 తరగతులకు మార్చేస్తున్నారని మరో అధ్యయనంలో తేలింది. పునాది వేసే తరగతులకే బలహీనమైన టీచర్లు చేరారు. ఆ పిల్లలు 3వ తరగతికి వచ్చేసరికి వెనకబాటు వాళ్ల వెంటే వచ్చింది.

టీచర్లు నిజంగా మార్కులు దిద్దేస్తారా?

ఎక్కువమంది చేయరు. చేసేవాళ్లు ఉన్నారు. షికాగోలో బ్రయాన్ జేకబ్, స్టీవెన్ లెవిట్ జవాబుల తీరును కంప్యూటర్‌తో పట్టి చూశారు. క్లాసులో సగంమందికి వరసగా అవే జవాబులు, అదీ కష్టమైన ప్రశ్నలకు, ఆ ఏడాది మార్కులు ఒక్కసారిగా ఎగసి మరుసటి ఏడాది కూలిపోవడం. ఇలాంటి గుర్తుల్ని బట్టి ఏటా కనీసం 4 నుంచి 5 శాతం ప్రాథమిక తరగతి గదుల్లో పెద్దల చేతివాటం ఉందని లెక్కకట్టారు.

అందరికీ తెలిసింది అమెరికాలోని అట్లాంటా నగర బడుల కుంభకోణం. 2011లో రాష్ట్ర దర్యాప్తు నివేదిక 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు బయటపెట్టింది. పట్టిచ్చింది రబ్బరు. తప్పు చెరిపి ఒప్పుగా మార్చిన గుర్తులు ఓఎంఆర్ షీట్ల మీద మామూలుగా జరిగేదానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. 2015లో 11 మందికి కోర్టులో శిక్ష ఖాయమైంది. నేరం నేరమే. ఏటా పెంచుతూ పోయే టార్గెట్లు, అందుకోలేకపోతే అవమానం, ఉద్యోగ భయం అక్కడి వాతావరణమని కూడా అదే నివేదిక చెప్పింది. నష్టపోయింది మాత్రం పిల్లలు. దొంగ మార్కుతో పాసైన పిల్లవాడికి అందాల్సిన అదనపు సాయం అందలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లలు రాసే రీజెంట్స్ పరీక్షల కథ వేరు. అక్కడ పాస్ మార్కు 65. ఒకప్పుడు సొంత బడి టీచర్లే దిద్దేవారు. 63, 64 వచ్చినవాళ్లు వింతగా తక్కువ, సరిగ్గా 65 వచ్చినవాళ్లు వింతగా ఎక్కువ. గీత దగ్గర మార్కుల్లో దాదాపు 40 శాతం పెంచినవేనని పరిశోధకులు తేల్చారు. బోనస్ కోసమో బడి పేరు కోసమో చేసినట్టు ఆధారం దొరకలేదు. ఒక్క మార్కుతో పిల్లవాడి జీవితం ఆగిపోకూడదనే చేసినట్టుంది. 2011 ప్రాంతంలో నిబంధనలు మార్చాక 65 దగ్గర పోగైన ఆ గుట్ట మాయమైంది. దాన్ని మోసమనాలో జాలి అనాలో నేను తేల్చుకోలేను. కానీ ఆ జాలి ఏ పిల్లవాడికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది మాత్రం పేపరు దిద్దిన టీచరు మనసును బట్టే ఉంటుంది.

కాస్త టెన్షన్ ఉంటే మంచిదే అంటారు. నిజమేనా?

కాస్త అయితే ఇబ్బంది లేదు. 15 ఏళ్ల పిల్లల మీద జరిగే అంతర్జాతీయ సర్వే పీసాలో, 2015లో, ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాల కూటమి) దేశాల సగటున 55 శాతం విద్యార్థులు బాగా చదువుకుని వెళ్లినా పరీక్షంటే చాలా ఆందోళనగా ఉంటుందన్నారు. అంటే చదవకపోవడమే టెన్షన్‌కు కారణమన్న మాట పూర్తిగా నిలవదు.

ఒంట్లో జరిగేదాన్ని కూడా కొలిచారు. న్యూ ఆర్లియన్స్‌లో పిల్లల ఉమ్మిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ చూస్తే, పెద్ద పరీక్షల వారంలో సగటున 15 శాతం ఎక్కువ ఉంది. బాగా పెరిగినవాళ్లే కాదు, బాగా పడిపోయినవాళ్లూ పరీక్షలో తమ స్థాయికంటే తక్కువ తెచ్చుకున్నారు. ఒకరు కంగారుపడి తడబడ్డారు, ఇంకొకరు చేతులెత్తేశారు. హాల్లో తలవంచుకుని మౌనంగా కూర్చున్నవాడు ప్రశాంతంగా ఉన్నాడనుకుంటాం. వాడు లోపల వదిలేసుకుని ఉండొచ్చు.

పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకుంటే మార్కులు పెరుగుతాయని 2011లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చి చాలా ప్రచారమైంది. తర్వాత పెద్ద ఎత్తున మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. రాసుకుంటే నష్టం లేదు. అది మంత్రమని మాత్రం పిల్లలకు చెప్పకండి.

ఆ ఒక్కరోజు ఒంట్లో బాగాలేకపోతే?

అదే ఈ పద్ధతిలో పెద్ద లోపం. ఇజ్రాయెల్‌లో హైస్కూలు చివర రాసే బగ్రుత్ పరీక్షల్లో ఒకే విద్యార్థి వేర్వేరు రోజుల్లో తెచ్చుకున్న మార్కులను ఆ రోజుల గాలి కాలుష్యంతో పోల్చి చూశారు. గాలి బాగాలేని రోజున మార్కులు తగ్గాయి. కాలుష్యం ఎక్కువున్న రోజుల్లో పరీక్షలు పడినవాళ్లు తర్వాత తక్కువ ఏళ్లు చదివారు, ఉద్యోగాల్లో తక్కువ సంపాదించారు. న్యూయార్క్‌లో ఎండ మండిపోయిన రోజుల్లో రాసినవాళ్లకూ మార్కులు తగ్గినట్టు తేలింది. తెలివి తగ్గలేదు, వాతావరణం మారింది. దక్షిణ కొరియాలో కాలేజీ ప్రవేశానికి రాసే సునుంగ్ పరీక్షలో ఇంగ్లిష్ వినే విభాగం నడిచేటప్పుడు విమానాలు ఎగరకుండా ఆపేస్తారు. శబ్దాన్ని ఆపగలిగారు, జ్వరాన్ని ఆపలేరు కదా.

చిన్న పొరపాటుకు కూడా శిక్ష పెద్దదే. 17వ ప్రశ్న తర్వాత చూద్దామని వదిలేసి, 18 జవాబును 17 వరసలో నింపేస్తారు. అక్కడి నుంచి ప్రతి బబుల్ ఒక గడి పైకి జరుగుతుంది. 40వ ప్రశ్న దగ్గర షీట్ మీద ఒక వరస ఖాళీ మిగిలినప్పుడు గానీ తెలియదు. అప్పటికి పది నిమిషాలుంటాయి. స్లిప్ టెస్ట్‌లో అయితే టీచరు నవ్వి సరిచేస్తారు.

మళ్లీ రాసే అవకాశం, వాటిలో మంచి మార్కును తీసుకోవడం ఈ లోపానికి ఉన్న మందుల్లో చవకైనది. ఏడాదంతా ఆగనక్కర్లేకుండా, కొద్ది నెలల్లోనే ఇంకో అవకాశం.

పిల్లల మార్కుల్ని బట్టి టీచర్లను కొలిస్తే న్యాయం కాదా?

వినడానికి బాగుంటుంది. మంచి టీచరు ప్రభావం నిజమే. పిల్లల మార్కుల్లో మెరుగుదల తెచ్చే టీచర్ల దగ్గర చదివినవాళ్లు పెద్దయ్యాక కాస్త ఎక్కువ సంపాదిస్తున్నారని రాజ్ చెట్టీ బృందం చూపించింది. చిక్కు ఎక్కడంటే, వందల మంది టీచర్ల సగటులో కనిపించేది ఒక్క టీచరు విషయంలో, ఒక్క ఏడాదిలో నమ్మకంగా పట్టుకోలేం. మార్కుల్లో తేడాల్లో టీచరు వాటా 1 నుంచి 14 శాతమని చాలా అధ్యయనాలు చెబుతున్నాయంటూ 2014లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ప్రకటించింది. మిగతాదంతా టీచరు చేతిలో లేనిదే.

న్యూయార్క్‌లో ఒక 4వ తరగతి టీచరుకు పిల్లల మార్కులతో కట్టే రేటింగులో ఒక ఏడాది 20కి 14 వచ్చింది, మరుసటి ఏడాది 1 వచ్చింది. పిల్లల ఫలితాలు రెండేళ్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆమె కోర్టుకు వెళ్లింది. ఆ రేటింగుకు హేతువు లేదని 2016లో జడ్జి కొట్టేశారు. నార్త్ కరొలైనాలో బడులను మార్కులతో వేలెత్తి చూపడం మొదలయ్యాక వెనకబడిన బడుల్లో టీచర్లను నిలబెట్టుకోవడం ఇంకా కష్టమైందని మరో అధ్యయనం. అనుభవమున్న టీచరు ఏ బడికి ఎక్కువ కావాలో ఆ బడినుంచే వెళ్లిపోతాడు.

పరీక్షలు తీసేస్తే డబ్బూ సిఫారసే రాజ్యమేలవా?

ఆ భయం అసలైనదే. ఫ్లోరిడాలో ఒక పెద్ద జిల్లాలో ప్రతిభావంతుల తరగతికి పిల్లల్ని టీచర్లు, తల్లిదండ్రులు సూచించేవారు. ఆ పద్ధతి మార్చి 2వ తరగతిలో అందరికీ పరీక్ష పెట్టాక పేద పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు చాలా ఎక్కువగా ఎంపికయ్యారు. వాళ్లు ముందూ ఉన్నారు, ఎవరి కంటా పడలేదంతే. అమెరికాలోని పేరున్న యూనివర్సిటీ ఎంఐటీ కూడా, కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్ మార్కులు అక్కర్లేదన్న సడలింపును 2022లో వెనక్కి తీసుకుంది. పై స్థాయి కోర్సులు లేని బడుల్లో చదివిన సమర్థులను గుర్తించడానికి అవి పనికొస్తాయన్నది ఆ సంస్థ వాదన.

నా మొగ్గుకు అడ్డువచ్చే ఉదాహరణ వేల్స్‌ది. బడుల ర్యాంకు పట్టికలు ప్రచురించడం అక్కడ 2001లో ఆపేశారు. ఇంగ్లండ్ కొనసాగించింది. తర్వాత పోల్చి చూస్తే వేల్స్ ఫలితాలు వెనకబడ్డాయి, అదీ పైన ఉన్న బడుల్లో కాదు, బలహీనమైన బడుల్లో. అడిగేవాళ్లు లేకపోతే నష్టపోయేది పేద పిల్లలేనని ఆ అధ్యయనం చెబుతోంది. కాబట్టి అన్నీ ఎత్తేయమనే వాదనతో నేను ఏకీభవించను. బరువు తగ్గించమంటాను, కొలతను ఉంచమంటాను.

బరువు లేకుండా కొలవడం సాధ్యమా?

సాధ్యమే, జరుగుతోంది కూడా. అమెరికాలోనే నేప్ అనే జాతీయ పరీక్ష ఉంది. అది అందరికీ పెట్టరు, శాంపిల్‌గా ఎంపికైన పిల్లలకే. ఒక్కో పిల్లవాడు ప్రశ్నల్లో కొంత భాగమే రాస్తాడు. పిల్లవాడికి గానీ టీచరుకు గానీ మార్కు ఇవ్వరు. దానికోసం ఎవరూ కోచింగ్ తీసుకోరు, తీసుకుని లాభం లేదు. అందుకే రాష్ట్రాల పరీక్షల్లో మార్కులు ఉబ్బినప్పుడు నిజం చెప్పేది అదే అవుతుంది. ఫిన్లండ్‌లో హైస్కూలు చివర రాసే మెట్రిక్యులేషన్ ఒక్కటే జాతీయ పరీక్ష. అంతకుముందు తరగతుల్లో చదువు ఎలా సాగుతోందో శాంపిల్ పరీక్షలతో చూస్తారు.

సీటు కోసం ఎంపిక చేయాల్సినచోట శాంపిల్ కుదరదు. అక్కడ ఒక మార్కు తేడాకు అర్థం లేదని ఒప్పుకోవడమే మొదటి మెట్టు. సింగపూర్ 6వ తరగతి చివరి పరీక్షలో 2021 నుంచి పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చే సన్నటి స్కోరు తీసేసి వెడల్పాటి స్థాయిలు పెట్టింది. పోటీ పోలేదు, పాయింటు పాయింటుకు కొట్టుకోవడం కొంత తగ్గించే ప్రయత్నం.

నేను టీచర్ని. సిస్టమ్ మారేదాకా ఏం చేయను?

పాత పేపర్ల బొమ్మలు తిప్పి ఇవ్వండి. అదే భావన మీద వేరే రూపంలో ప్రశ్న తయారుచేయడం ఖర్చులేని పని, పిల్లవాడికి ఏం వచ్చో మీకు ఆ రోజే తెలుస్తుంది. వారానికోసారి మార్కుల్లేని టెస్ట్ పెట్టి, పేపరు వాళ్ల చేతే దిద్దించండి. గీత దగ్గరున్న పిల్లల లిస్టు పైనుంచి అడిగితే ఇవ్వక తప్పదు, కానీ ఆ లిస్టులో లేని ఇద్దరి పేర్లు మీ డైరీలో రాసుకోండి. రివిజన్ నెలలో కూడా వారానికొక్క పీరియడ్ సిలబస్‌లో లేనిది ఏదైనా చదివి వినిపించండి. రీడింగ్ మార్కులకు పనికొచ్చేది చివరికి అదే.

ఫలితాల రోజు ఇంట్లో ఎలా ఉండాలి?

ఫలితం మొదట చూసేది పిల్లలే అయ్యుండాలి, బంధువులు కాదు. మార్కు అడిగే ఫోన్లకు ఆ రోజు పెద్దవాళ్లే జవాబు చెప్పాలి. తిండి, నిద్ర మానేసినా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట అన్నా అది పరీక్ష గోలని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరుతోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడించండి. అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా మరీ ఎక్కువుంటే జవాబుపత్రం కాపీ అడగండి. పేజీలు కూడడంలో, మార్కులు ఎక్కించడంలో మనుషులు పొరపాట్లు చేస్తారు. రీకౌంటింగ్ గడువు సాధారణంగా కొద్దిరోజులే ఉంటుంది కాబట్టి ఆ తేదీ ఫలితాలతో పాటే చూసి పెట్టుకోండి.